ఆ ఫొటోలో గార్డు లేదు

సంపాదకుల వారికి నమస్కారం.

గత నెల మీ జిల్లా పేజీలో, బుడమేరు వాగు వరదకు మునిగి మళ్లీ తెరుచుకున్న చిన్న షెడ్ల గురించి ఒక కథనం వేశారు. అందులో పెద్ద ఫొటో నాదీ, ఇనప ముక్కని తిప్పుతూ చెక్కే మా లేత్ మిషనుదీ. దాని కింద ‘కాలం చెల్లిన లేత్‌తో కాలక్షేపం’ అని రాశారు. మాట కుదిరిందని రాసుంటారు. నాకు పట్టింపు లేదు గానీ, మా ఆవిడ మాత్రం ‘కాలక్షేపం’ దగ్గర పేపరు మడిచి అవతల పెట్టేసింది. పొద్దున ఎనిమిదికి వెళ్లి రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరేవాడిది కాలక్షేపమా అని ఆమె ప్రశ్న. ఆ సంగతి జాగా మిగిలితే చివర్లో చెబుతాను.

ఈ ఉత్తరం రాస్తున్నది వేరే తప్పు దిద్దటానికి. ఆ తప్పులో సగం నాదే.

ఆ ఫొటోలో మోటారు నుంచి కిందికి దిగే రెండు బెల్టులూ, వాటి పెద్ద చక్రమూ బట్టబయలుగా కనిపిస్తున్నాయి. మామూలుగా వాటి మీద చెయ్యి పడకుండా రేకు గార్డు ఉంటుంది. ఫొటో తీయటానికి వచ్చిన అబ్బాయి “అంకుల్, ఆ డబ్బా అడ్డమొస్తోంది, తీసేస్తే చక్రాలు బాగా పడతాయి” అన్నాడు. నాలుగు బోల్టులు విప్పి నేనే తీసి గోడకి ఆనించాను. మెయిన్ ఆపి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాను కూడా. నా మటుకు నేను జాగ్రత్తగానే ఉన్నాననుకున్నాను. ఆగిన చక్రమూ తిరిగే చక్రమూ ఫొటోలో ఒక్కలాగే కనబడతాయన్న సంగతి తట్టలేదు.

పేపరు వచ్చిన రోజు నుంచి ఫోన్లు. గుడివాడ, తెనాలి, మైలవరం. తాతల నాటి బెల్టు లేత్ మూలపడి ఉంది, మోటారు ఎలా పెట్టాలి అని అడిగేవాళ్లే ఎక్కువ. కొందరు మనిషే దిగారు. మొన్న ఆదివారం కంకిపాడు వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. పాతికేళ్లుంటాయి, ఐటీఐ చేశానన్నాడు. మీ ఫొటో చూసి తన షెడ్డులో అచ్చం అలాగే పెట్టానని ఫోన్లో వీడియో చూపించాడు. మోటారు ఆరడుగుల ఎత్తున ఉంది. బెల్టులు సరిగ్గా మొహం ముందు ఆడుతున్నాయి. పక్కనే వాళ్ల తమ్ముడు టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. గార్డు ఏదిరా అంటే “మీదానికీ లేదుగా బాబాయ్” అన్నాడు.

లేచి వెళ్లి మిషను మీదున్న గార్డు చూపించాను. “ఫొటోలో లేదే” అన్నాడు.

అందుకని ఆ అమరిక ఏమిటో, అంత ఎత్తున ఎందుకు పెట్టాల్సి వచ్చిందో రాస్తున్నాను. ఎంత పడితే అంత వేసుకోండి. గార్డు ముక్క మాత్రం కత్తిరించొద్దు.

మాది ఆరడుగుల బెడ్డు లేత్. గుంటూరులో మూతపడ్డ ఒక జిన్నింగు మిల్లు సామాను 1971లో అమ్మేస్తుంటే మా నాన్న కొన్నారు. కంపెనీ పేరున్న పలక అప్పటికే ఊడిపోయింది. ఆ మిల్లులో దీనికి సొంత మోటారంటూ లేదు. మిల్లు మొత్తానికి ఒకే ఇంజను, దూలాల కింద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక పొడుగు షాఫ్టు, దాని మీంచి ఒక్కో మిషనుకి ఒక్కో తోలు బెల్టు దిగేది. పత్తి జిన్నులూ దాంతోనే, వాటికి రిపేర్లు చేసే లేతూ దాంతోనే. లేత్ ఒక్కటే ఆపాలంటే ఇంజను ఆపలేరు కదా. అందుకని పక్కపక్కన రెండు పుల్లీలు పెట్టేవారు. ఒకటి కీ కొట్టి షాఫ్టుకి బిగించింది, రెండోది ఊరికే తిరిగేది. కర్రతో బెల్టుని దీని మీంచి దాని మీదికి నెడితే లేత్ ఆగిపోతుంది. వాళ్ల క్లచ్చు అదే.

నాన్న దాన్ని లారీ మీద తెచ్చి, షెడ్డు దూలానికి ఒక చిన్న షాఫ్టు వేలాడగట్టి, నేల మీద 2 హెచ్‌పీ మోటారు పెట్టారు. 53 ఏళ్లు మా ఇద్దరి చేతుల్లో అది అలాగే నడిచింది. తోలు బెల్టుకి నెలకోసారి ఆముదం రాసేవారు. జారుతోంది కదా అని గుగ్గిలం పొడి చల్లబోతే నా చెయ్యి మీద కొట్టారు. గుగ్గిలం ఆ పూటకి పట్టు ఇస్తుంది, తర్వాత తోలుని పెళుసు చేస్తుంది.

ఫ్లాట్ బెల్టు పుల్లీని ఎప్పుడైనా దగ్గరగా చూశారా? నడుమ కాస్త ఉబ్బుగా ఉంటుంది. బెల్టు పల్లానికి జారిపోవాలి కదా అనిపిస్తుంది. జారదు, ఎత్తుకే ఎక్కుతుంది. ఎత్తువైపు అంచు ఎక్కువ లాగుడు పడి బెల్టు అటు వాలుతుంది, అలా వాలినది వచ్చే చుట్టులో ఇంకాస్త నడిమికి వచ్చి పడుతుంది. ఇది నాకు అర్థమవటానికి పదేళ్లు పట్టింది. మా మేస్త్రిని అడిగితే “ఎక్కుతోందిగా, నీకెందుకు?” అన్నాడు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతుంటే బుడమేరు నీళ్లు మాత్రం ఎక్కడికి పోతాయి? గట్లు తెగి మా మీదికి వచ్చాయి. మా వీధిలో నీళ్లు తీసేసరికి తొమ్మిదో రోజు. షెడ్డు షట్టరు ఎత్తితే లోపల గోడ చుట్టూ ఒకే మట్టాన బురద గీత, రసమట్టం పెట్టి కొట్టినట్టు ఉంది. నేల నుంచి 4 అడుగుల 4 అంగుళాలు. లేత్ స్పిండిల్, అంటే చెక్కే ముక్కని తిప్పే ఇరుసు, 42 అంగుళాల ఎత్తున ఉంటుంది. అంటే మొత్తం మిషను నీళ్లలో పడుకుంది. నేల మీది మోటారు సంగతి చెప్పేదేముంది.

నష్టం రాసుకోవటానికి వచ్చినాయన గుమ్మంలోంచే చూసి “పాతదేగా” అని ఏదో గీసుకుని వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన పాత ఇనుము వ్యాపారి నయం, కనీసం లోపలికి వచ్చి తట్టి చూశాడు. కిలో లెక్కన రేటు చెప్పాడు. ఆ రోజు ఇచ్చేసేవాణ్ణే. ముక్కని పట్టుకునే చక్ తిప్పి చూద్దామని చెయ్యి వేస్తే కదిలింది. పోత ఇనుము కదా, పైన తుప్పు పట్టినా లోపలికి తినలేదు. కిరసనాయిలు పోసి, గోనె గుడ్డతో రుద్ది, బెడ్డు మీద ఎమరీ కాగితం పెట్టనివ్వకుండా నెల రోజులు తుడిచాం. టూలుని జరిపే లీడ్ స్క్రూ సందుల్లోంచి బురద తీయటానికి మా మనవరాలి పాత టూత్ బ్రష్షులన్నీ అయిపోయాయి. ఆ దసరాకి తిరగని మిషనుకే బొట్టు పెట్టి నిమ్మకాయ కట్టాం.

మోటారు విప్పి, మంచినీళ్లతో కడిగి, నాలుగు రోజులు బల్బు వేడిలో ఆరబెట్టి వైండింగు ఇన్సులేషను చూసే మీటరు, మెగ్గర్ పెట్టించాను. ముల్లు సున్నా మీంచి లేవలేదు. వైండింగు చేసేవాడు రాగి కూడా పోయిందన్నాడు. ఆటోనగర్లో తిరిగి వాడిన మోటారే ఇంకోటి తెచ్చాను. 2 హెచ్‌పీ, మూడు ఫేజులు, నిమిషానికి 1440 చుట్లు. ఇలాంటి నిదానపు లేత్‌కి 960 చుట్లది అయితే ఇంకా మంచిది, వేగం తగ్గించే శ్రమ తగ్గుతుంది. కానీ అది బరువు, ఖరీదు, పైగా పాతవాటిలో దొరకటం అరుదు.

ఇక మోటారు ఎక్కడ పెట్టాలి? నేల మీద ఇంక పెట్టనని ఆ గీత చూసిన రోజే అనుకున్నాను. పైకప్పు దూలం కూడా నానిపోయింది, దాన్ని నమ్మలేను. లేత్ వెనక నాలుగు అంగుళాల ఇనప ఛానళ్లతో నేల నుంచి ఒక స్టాండు వెల్డింగు చేయించాను. అందులో 52 అంగుళాల ఎత్తున కౌంటర్ షాఫ్టు (మోటారుకీ లేత్‌కీ మధ్య తిరిగే షాఫ్టు), దానికి సరిగ్గా పైన 20 అంగుళాల దూరంలో మోటారు షాఫ్టు. అంటే 72 అంగుళాలు, ఆరడుగులు. గీత కంటే మోటారు బాగా పైన ఉంది. కౌంటర్ షాఫ్టు గీత మట్టానికే వచ్చింది గానీ బేరింగు తడిస్తే మార్చుకోవచ్చు, వైండింగు తడిస్తే మార్చుకోలేం.

బెల్టులు కంటి ఎత్తుకు వచ్చింది అందుకు. వరద రాని ఊళ్లో ఉన్నవాళ్లు నా కొలతలు కాపీ కొట్టాల్సిన పని లేదు. కంకిపాడు కుర్రాడి షెడ్డులోకి చుక్క నీరు రాలేదు. వాడు మోటారు ఆరడుగుల ఎత్తున ఎందుకు పెట్టాడంటే ఫొటోలో అలా ఉంది గనక.

అసలు పని వేగం లెక్కలో ఉంది. లేత్ మీద మూడు మెట్ల పుల్లీ ఉంది: 8, 6½, 5 అంగుళాలు. కౌంటర్ షాఫ్టు మీద అదే తిరగేసి ఉంటుంది: 5, 6½, 8. ఎదురెదురు మెట్లు కూడితే ఎప్పుడూ 13 వస్తుంది, అందుకే ఏ మెట్టు మీదికి మార్చినా ఒకే బెల్టు సరిపోతుంది. మా స్పిండిల్ తిరిగేది కంచు లాంటి గన్‌మెటల్ బుష్షుల్లో, బాల్ బేరింగుల్లో కాదు. దానికి 500 చుట్లే గరిష్ఠం అనుకోవాలి. పై మెట్టులో 8 అంగుళాల పుల్లీ 5 అంగుళాలదాన్ని తిప్పుతుంది గనక వేగం 1.6 రెట్లవుతుంది. 500ని 1.6తో భాగిస్తే సుమారు 310. కౌంటర్ షాఫ్టు అంతకు మించి తిరగకూడదు. 1440ని 310కి దించాలి. మోటారుకి 3 అంగుళాల పుల్లీ, కౌంటర్ షాఫ్టుకి 14 అంగుళాలది పెడితే 308 వస్తుంది. స్పిండిల్ దగ్గర 193, 308, 494. వేగం ఇంకా తగ్గించటానికి మా లేత్‌కి బ్యాక్ గేరు ఉంది, ఎనిమిదింట ఒక వంతు. అది వేస్తే సుమారు 24, 38, 62.

ఈ అంకెలు ఊరికే చెప్పటం లేదు. 50 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీలు రాడ్డుని హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీలు) టూలుతో చెక్కాలంటే నిమిషానికి 30 మీటర్ల వేగం కావాలి, అది 191 చుట్లు. మా కింది మెట్టు 193. పన్నెండు అంగుళాల పోత ఇనుప బ్రేకు డ్రమ్ము ఎక్కిస్తే 24 చుట్ల దగ్గర నిమిషానికి 23 మీటర్లు. టూలు పాడు కాకుండా హాయిగా సాగుతుంది. కారం మిల్లు షాఫ్టులు, చెరుకు రసం మిషను రోలర్లు, ట్రాక్టరు పిన్నులు, నాకు వచ్చే పని అంతా ఈ ఆరు వేగాల్లో ఇమిడిపోతుంది.

ఇంత లెక్క తెలిసి కూడా మొదటిసారి తప్పే చేశాం. 3 అంగుళాల పుల్లీ తయారు కాలేదు, మా మేనల్లుడు పిండి మర నుంచి 5 అంగుళాలది తెచ్చాడు. “తిరుగుతుందో లేదో చూద్దాం మావయ్యా, రెండు నిమిషాలు” అన్నాడు. నాకూ ఆశే, నాలుగు నెలలైంది దాని చప్పుడు విని. కౌంటర్ షాఫ్టు 514, పై మెట్టులో స్పిండిల్ 820 దాటింది. రెండు నిమిషాలు కాలేదు, ముందు బుష్షు దగ్గర నూనె కాలిన వాసన. చెయ్యి పెడితే చురుక్కుమంది. ఆపి విప్పితే బుష్షు మీద వేలెడంత గీరు. మళ్లీ గీకి సరిచేయటానికి వారం. అంచేత చెబుతున్నాను, చేతికి దొరికిన పుల్లీ పెట్టి చూడొద్దు. పెద్ద పుల్లీ మోటారు వైపు పడితే వేగం పెరుగుతుంది, తగ్గదు. తెలిసినవాళ్లే దీన్ని తిరగేసి అనుకుంటుంటారు.

14 అంగుళాల రెండు గాళ్ల పుల్లీ ఒక కారం మిల్లు పాత సామానులో దొరికింది. 3 అంగుళాలది మాత్రం పక్క షెడ్డు లేత్ మీద నేనే చెక్కుకున్నాను. ఇక్కడ ఒక మెలిక ఉంది. మోటారు నుంచి దిగేవి వీ బెల్టులు, అంటే ఇంగ్లీషు V ఆకారంలో పక్కలు వాలుగా ఉండేవి. వీ బెల్టు పక్కల కోణం 40 డిగ్రీలు. గాడి కూడా 40కే కోస్తాం అనుకుంటే పొరపాటు. చిన్న పుల్లీ చుట్టూ వంగేటప్పుడు బెల్టు లోపలి వైపు నొక్కుకుని పక్కలకి ఉబ్బుతుంది, దాంతో దాని కోణం తగ్గుతుంది. అందుకే చిన్న పుల్లీకి 34 డిగ్రీలు, పెద్దదానికి 38 డిగ్రీలు. ఇంకో సంగతి, బెల్టు గాడి అడుగుకి తగలకూడదు. పట్టు అంతా పక్క గోడల్లో ఉంది. అడుక్కి తగిలిందంటే గాడి అరిగినట్టో, బెల్టు అరిగినట్టో. నేను వాడింది ‘ఏ’ (ఇంగ్లీషు A) సెక్షన్ బెల్టు, 13 మిల్లీమీటర్ల వెడల్పు, 8 మందం. దానికి 3 అంగుళాల కంటే చిన్న పుల్లీ పెడితే వంపు ఎక్కువై వేడెక్కి చీలిపోతుంది. 2 హెచ్‌పీకి అంత చిన్న పుల్లీ మీద ఒక్క బెల్టు చాలదు, రెండు వేయాలి. మార్చేటప్పుడు రెండూ ఒకేసారి మార్చాలి. పాతదాని పక్కన కొత్తది వేస్తే కొత్తదే మొత్తం బరువు మోసి ముందు పోతుంది.

పెద్ద చక్రానికి గాళ్లు లేకుండా సాదాగా ఉంచి కూడా వీ బెల్టు నడుపుతారు. వేగం మూడో వంతు కంటే తగ్గించాల్సి ఉండి, రెండు షాఫ్టులూ దగ్గరగా ఉంటే అది పనిచేస్తుంది. నాకు దూరం ఎక్కువైంది, అందుకని వద్దనుకున్నాను.

బెల్టు పొడవు దగ్గర నేను పడ్డ తిప్పలు వింటే నవ్వుతారు. రెండు షాఫ్టుల దూరానికి రెట్టింపు, దానికి రెండు పుల్లీల కొలతలు కలిపి 1.57తో గుణించింది, దానికి పుల్లీల తేడాని దానితోనే గుణించి దూరానికి నాలుగు రెట్లతో భాగించింది కలిపితే బెల్టు పొడవు. 40, 26.7, 1.5. మొత్తం 68 అంగుళాలు. కొట్టుకెళ్లి దర్జాగా ఏ-68 రెండు తెచ్చాను. వేస్తే వేలాడుతున్నాయి. మోటారు పలకకి జరుపుకునే గాళ్లు ఉంచాను గానీ అవి అటు ముప్పావు, ఇటు ముప్పావు అంగుళమే. చివరిదాకా జరిపినా వదులే. గంట సేపు నన్ను నేను తిట్టుకున్నాక వెలిగింది. నేను కొలిచింది పుల్లీల బయటి అంచులు, వచ్చిన 68 బెల్టు బయటి చుట్టుకొలత. బెల్టు మీద వేసే అంకె లోపలిది. ‘ఏ’ సెక్షన్‌లో ఆ రెంటికీ 2 అంగుళాలు తేడా. ఏ-66 తెస్తే అతికినట్టు కూర్చుంది. 68లు రెండూ ఇంకా మేకుకే వేలాడుతున్నాయి, కావాల్సినవాళ్లు పట్టుకెళ్లొచ్చు.

రెండు పుల్లీలూ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడటానికి ఖరీదైన సామాను అక్కర్లేదు, దారం చాలు. పెద్ద పుల్లీ మొహానికి ఆనించి లాగి పట్టుకుంటే చిన్నదానికి కూడా రెండు అంచులా తగలాలి. బిగువు చూడాలంటే నడుమ వేలితో నొక్కండి. 20 అంగుళాల దూరానికి అంగుళంలో మూడో వంతు దిగితే చాలు. వీణ తీగలా మోగాలని బిగించేవాళ్లున్నారు, ఆ బిగువుకి ముందు పోయేది మోటారు బేరింగే. కొత్త బెల్టు మొదటి రెండు రోజుల్లో సాగుతుంది, మళ్లీ ఒకసారి లాగాలి.

కౌంటర్ షాఫ్టు 30 మిల్లీమీటర్లది, యూసీపీ 206 పెడస్టల్ బేరింగుల మీద. అది, మోటారు, రెండూ ఒకే ఫ్రేములో ఉంటాయి, ఆ ఫ్రేము కింద కీలు. లీవరు ఎత్తితే ఫ్రేము మొత్తం లేత్ వైపు వాలి ఫ్లాట్ బెల్టు వదులవుతుంది, అప్పుడు మెట్టు మార్చుకోవచ్చు. అక్కణ్ణుంచి లేత్‌కి ఫ్లాట్ బెల్టే ఉంచాను, రెండున్నర అంగుళాల నైలాను పట్టీ. అది కూడా వీ బెల్టు చేసేయమన్నారు చాలామంది. చేయను. టూలు ఎక్కడైనా గుచ్చుకుని ఇరుక్కుంటే ఫ్లాట్ బెల్టు జారి ఊరుకుంటుంది. నాకున్న పాత గేరు పళ్లు విరిగితే మళ్లీ కోయించాలి.

కరెంటు సంగతి రెండు మాటల్లో. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా తిరుగుతున్న మోటారు వెంటనే ఆగదు, మూలుగుతూ మిగతా రెండింటి మీదే లాగుతుంది, కాసేపటికి వైండింగు మాడుతుంది. కాబట్టి ఓవర్‌లోడ్ రిలే ఉన్న స్టార్టరు పెట్టి, దాన్ని మోటారు పలక మీదున్న ఆంపియర్లకి సరిచేయాలి. మాకు వరద తర్వాత రెండు నెలల పాటు ఏ పూట ఏ ఫేజు ఉంటుందో తెలిసేది కాదు. ఆ రిలే లేకపోతే రెండో మోటారు కూడా పోయేది. ఇంట్లో సింగిల్ ఫేజే ఉందనేవాళ్లు 230 వోల్టులు తీసుకుని మూడు ఫేజులిచ్చే డ్రైవ్ పెట్టుకోవచ్చు. అప్పుడు మోటారు డబ్బాలో స్టార్ కనెక్షను తీసి డెల్టాకి మార్చాలి, అది తెలిసినవాడి చేత చేయించండి. డ్రైవ్ ఉంది కదా అని టక్కున ఆగేలా పెట్టొద్దు. మన పాత లేత్‌లకి చక్ స్పిండిల్ మీద స్క్రూలా తిప్పి బిగించేది. స్పిండిల్ ఒక్కసారిగా ఆగితే చక్ తన ఊపుకి విప్పుకుని ఒళ్లోకి వస్తుంది. వెనక్కి తిప్పినా అదే ప్రమాదం.

గార్డు దగ్గరికి వస్తున్నాను.

పద్దెనిమిదో నంబరు రేకు, అంగుళం యాంగిల్ ఫ్రేము, ముందు వైపు జల్లెడ రేకు. చక్రాలు తిరుగుతున్నది కనబడాలి, వేలు దూరకూడదు. వెనకవైపు కూడా మూసేశాను, గోడకీ స్టాండుకీ మధ్య ఎవరు దూరతారులే అనుకోలేదు. పిల్లలు బంతి కోసం దూరతారు. కింద మాత్రం చెయ్యి వెడల్పు ఖాళీ వదిలాను, బెల్టు రజను రాలిపోవటానికి. వెయ్యి రూపాయల లోపు పని, మా మేనల్లుడూ నేనూ ఒక పూటలో చేశాం. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 21వ సెక్షన్ అచ్చంగా దీని గురించే ఉండేది, తిరిగే భాగాలకి కంచె కట్టాలని. ఆ తర్వాతి సెక్షన్‌లో తిరిగే మిషను దగ్గరికి వెళ్లేవాడి బట్టలు ఒంటికి బిగుతుగా ఉండాలని కూడా రాశారు. కానీ ఇద్దరు మనుషులున్న మా షెడ్డుని ఆ చట్టం ఫ్యాక్టరీ అనేది కాదు. ఇన్‌స్పెక్టరు రాడు. బిగించినా విప్పినా మా ఇష్టమే.

మా మేస్త్రికి కుడిచేతికి అయిదు వేళ్లు, ఎడమచేతికి మూడు. ఫ్లాట్ బెల్టు అతుకు దగ్గర ఇనప క్లిప్పులుంటాయి. తిరుగుతున్న బెల్టుని చేత్తో మెట్టు మార్చబోతే ఆ క్లిప్పు పట్టుకుంది. ఎక్కడో ఏలూరు రోడ్డులో, నేను పుట్టకముందు. ఆయన మాకు గేరు పళ్లు లెక్కపెట్టటం నేర్పేటప్పుడు ఎనిమిది దాకా వేళ్ల మీద చెప్పి, తొమ్మిదికి సుత్తి ఎత్తేవాడు. మేం నవ్వేవాళ్లం. ఆయనా నవ్వేవాడు. కానీ ఆయన షెడ్డులో లుంగీతో ఎవరినీ అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. భుజం మీద తువ్వాలు కనిపిస్తే లాగి డ్రెయినులో పారేసేవాడు.

ఇది రాస్తూ మీ పేపరు మళ్లీ తీసి చూశాను. మా అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోన్ చేసి మొదట అడిగింది బెల్టు గురించి కాదు. “నాన్నా, భుజం మీద ఆ తువ్వాలేంటి?” అంది. నిజమే. ఫొటో కదా అని మొహం తుడుచుకుని అలాగే వేసుకున్నాను. మేస్త్రి ఉంటే నా తువ్వాలు కూడా డ్రెయినులోకే పోయేది.

కాలం చెల్లిందన్న మాటకి వస్తాను. ఇప్పటి కార్బైడ్ టూలు అడిగే వేగం మా లేత్ ఇవ్వలేదు. ఆటోనగర్లో కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ మిషను గంటలో తీసే యాభై పిన్నులు నాకు రెండు రోజుల పని, అందులోనూ ఒకటో రెండో కాస్త తేడా వస్తాయి. అది నేను ఒప్పుకుంటాను. కానీ నున్న ఊరి నుంచి ఒకాయన అరిగిన షాఫ్టు ఒక్కటి పట్టుకుని వస్తే, దానికి ఒక్క బుష్షు చేయటానికి సీఎన్‌సీ వాళ్లు ప్రోగ్రాము రాయరు. ఆయన మర సాయంత్రానికి నడవాలి. ఒక సంక్రాంతి నుంచి మళ్లీ సంక్రాంతి దాకా అలాంటివి ఎన్ని చేశానో మా ఆవిడ రాసే పద్దు పుస్తకంలో ఉంది, మీ విలేఖరి అడిగి ఉంటే చూపించేది.

కంకిపాడు కుర్రాడికి గార్డు కొలతలు కాగితం మీద గీసి ఇచ్చాను. బిగించాక వీడియో పంపమన్నాను, నిన్న పంపాడు. ముందు వైపు మూశాడు, వెనక వదిలేశాడు. మళ్లీ ఫోన్ చేశాను.

ఈ ఉత్తరంతో పాటు మా లేత్ ఫొటో ఇంకోటి పంపుతున్నాను. మా మేనల్లుడు తీశాడు, కాస్త చీకటిగా వచ్చింది. మొదటిది ఎక్కడ వేశారో అక్కడే, అదే సైజులో దీన్ని వేయమని మనవి. గార్డు ఉంది. తువ్వాలు లేదు.

ఇట్లు,
ఒక లేత్ టర్నర్,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ.